వేరుబుడిపెలును గనిమట్టియు

గ్రామపెద్దలారా,

కంది వేసిన చెల్కలో మరుసటి యేడు జొన్న బాగుగా వచ్చునని మీకు నేను చెప్పనక్కరలేదు. జనుము చల్లి, పూతదశలో కలియదున్నుట మన పెద్దలనాటినుండి వచ్చుచున్న వాడుకయే. అయితే ఆ మేలు చేయునది కందియు కాదు, జనుమును కాదు. వాని వేళ్లలో కాపురముండు కంటికి కానరాని సూక్ష్మజీవులు. ఈ సంగతిని 1886వ సంవత్సరమున జర్మనీలో హెల్రీగెల్ అను పండితుడు సభాముఖమున వెల్లడించెను. 1888లో హాలండు దేశీయుడగు బైజెరింక్ ఆ జీవిని వేరుబుడిపెనుండి వేరుచేసి పెంచి చూపెను.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. పైరునకు అది ప్రాణాధారము. అయినను గాలిలోని నత్రజనిని ఏ పైరును తిన్నగా గ్రహింపజాలదు. ఏటి నడుమ నిలిచి దప్పికగొన్నవాని వలె నుండును దాని స్థితి. ఈ సూక్ష్మజీవి వేరుయొక్క సన్నని నూగులోనుండి లోనికి చొచ్చి, బుడిపె కట్టి, గాలిలోని నత్రజనిని మొక్క తినదగిన రూపమునకు మార్చి యిచ్చును. మొక్క దానికి ప్రతిగా ఆకులలో వండిన చక్కెరను పంపును. ఇది బిచ్చము కాదు, ఇచ్చిపుచ్చుకొనుట.

ఇపుడీ ముచ్చట యెందుకు వచ్చినదనగా, మన సీమలో రాతియందు యురేనియమను ధాతువు కలదు. (వ్యాకరణమున ధాతువు క్రియకు మూలము, ఇచట నది కలహమునకు మూలమైనది.) నాగార్జునసాగరము చెంతనున్న లంబాపురము, పెద్దగట్టుల వద్ద దానిని త్రవ్వవలెనని 2003లో ప్రయత్నము జరుగగా జనులు అడ్డు చెప్పిరి. పూర్వము మహబూబునగరు జిల్లాలోనిదై నేడు నాగరుకర్నూలు జిల్లాలో చేరిన అమ్రాబాదు అడవులలో అన్వేషణ తలపెట్టినపుడు, 2019 సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానించెను. త్రవ్వకము జరుగలేదు. కాని రాయి అచటనే యున్నది గనుక ప్రశ్న మరల రావచ్చును. వచ్చినపుడు మీకు వినబడు మాట యొకటి కలదు: “పని ముగిసిన పిదప గుట్టలపై చెట్లు నాటుదుము, నేల యెప్పటివలె పచ్చనగును.” ఈ మాటలో నిజమెంతయో తూచి చూడవలెను.

గనిమట్టి మట్టి కాదు, నలిగిన రాయి. యురేనియపు రాయిలో ధాతువు తరచుగా మిక్కిలి స్వల్పముగానే యుండును. తక్కినదంతయు పిండియై గుట్టగా మిగులును. అందు ఆకుకుళ్లు లేదు, నత్రజని లేదు. కావున గడ్డి కూడ నిలువదు. బుడిపెలు కట్టు మొక్కలే యచట మొదట కాలూనదగినవి. ఇంతవరకు చెట్లు నాటుదుమనువారి మాట సరియే.

చిక్కు ఇక మీదట. ఇంగ్లండులో వోబర్న్ అను క్షేత్రమున 1942 మొదలు 1961 వరకు నగరపు మురుగునుండి తీసిన మడ్డిని ఎరువుగా వేసిరి. అందు యశదము, రాగి, కాడ్మియము మున్నగు లోహములుండెను. దశాబ్దముల తరువాత ఆ నేలలో చిక్కుడు జాతికి చెందిన క్లోవరు గడ్డి పాలిపోయి, దిగుబడి తగ్గెను. నత్రజని ఎరువు వేసిచూడగా అదే గడ్డి చక్కగా పెరిగెను! అనగా లోహము మొక్కను కాదు, దాని వేరులోని చుట్టమును దెబ్బతీసినది. మిగిలిన సూక్ష్మజీవులు బుడిపె కట్టినను నత్రజనిని ఈయలేని పనికిమాలినవి. ఇల్లు నిలిచియున్నది, పొయ్యిలో నిప్పు లేదు.

అయితే సృష్టిలో ఓర్పుగలవియు కలవు. దక్షిణ ఫ్రాన్సులో సెన్-లోరాన్-ల-మినియే అను గ్రామము వద్ద పాత యశదపు గని గుట్టపై పసుపుపచ్చని పూల చిన్న మొక్కయొకటి మొలచుచున్నది. దాని బుడిపెలలోని సూక్ష్మజీవికి 2009లో పండితులు “లోహమునకు ఓర్చునది” అను నర్థము వచ్చునట్లు మెటల్లిడ్యూరన్స్ అని పేరిడిరి. శుభ్రమైన నేలలోని దాని దాయాదులకు ఆ ఓర్పు లేదు. కావున ఎక్కడిదో విత్తనము తెచ్చి చల్లుట చాలదు. ఆ విషమునకు అలవాటుపడిన సూక్ష్మజీవియు వెంట రావలెను. గని త్రవ్వకమునకు ముందు పైమట్టిని తీసి వేరుగా నుంచుటకు కారణమిదియే. అందు జీవము కలదు. ఏండ్లతరబడి కుప్పగా పడియుండిన ఆ జీవమును క్షీణించును.

మనవైపు కానుగ, నల్లతుమ్మ, సర్కారుతుమ్మ, వెంపలి బుడిపెలు కట్టునవి. కాయలు కాచు చెట్లన్నియు నట్టివే యని తలపరాదు. బతుకమ్మకు తెచ్చు తంగేడు చిక్కుడు కుటుంబములోనిదే, కాని బుడిపెలు కట్టదు. రేలయు, చింతయు నంతే. గుట్టనిండ తంగేడు పూచినంతమాత్రమున నేలలోనికి నత్రజని వచ్చుచున్నదని యెంచరాదు.

పరీక్ష మీరే చేయవచ్చును. పూత సమయమున లేత మొక్కను మన్నుతో గూడ పెళ్లగించి, వేళ్లు కడిగి, బుడిపెను గోటితో చీల్చుడు. లోపల ఎఱ్ఱగా, నెత్తురుడాలున నుండిన పని జరుగుచున్నది. తెల్లగానో, పచ్చగానో ఉండిన జరుగుట లేదు. ఆ పిదప చేతులు కడుగుకొనుడు.

ఇంకొకటి. ఎంత చక్కని బుడిపెయైనను నత్రజనిని ఇచ్చును గాని లోహమును హరింపదు. వేళ్లు ధూళిని ఆపును, వాన కోతను తగ్గించును. అది గొప్ప మేలే. కాని కొన్ని మొక్కలు లోహమును వేళ్లలోనే అణచియుంచగా, కొన్ని ఆకులకు ఎక్కించును. సర్కారుతుమ్మ కాయలను మేకలు ఇష్టముగా తినునని మీకు తెలియును. గుట్టపై పచ్చదనము చూచి మందను తోలినచో, ఆ లోహము పాలలోనికో మాంసములోనికో రావచ్చును. గుట్ట క్రిందుగా ఇంకు నీటి మాట వేరుగా చూచుకొనవలసినదే. రాతిలోనిది నీటిలోనికి దిగిన ఏమగునో, ఫ్లోరైడు నీరు త్రాగి నడుములు వంగిన నల్లగొండ గ్రామములకు ఒకరు చెప్పనక్కరలేదు. చెట్లు నాటుదుమని వచ్చువారిని ఏ చెట్లనియు, కంచె యెవరు వేయుదురనియు, దిగువ బావుల నీటిని ఎన్నేండ్లు పరీక్షింతురనియు అడిగి, జవాబును కాగితముపై వ్రాయించుకొనుడు.