తారల ఇంట పుట్టి కలం పట్టిన ట్వింకిల్ ఖన్నా

రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో వృత్తి తరతరాలుగా ఒకే ఇంట సాగడం వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి అక్కడి వర్క్‌షాపును నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తాత, తండ్రి, కొడుకు ఒకే గేటు గుండా పనికి వెళ్లిన ఇళ్లున్నాయి. హిందీ చలనచిత్ర రంగంలోనూ వారసత్వం ఇటువంటిదే. కాకపోతే రైల్వేలో చేరేవారికి వైద్య పరీక్ష, శిక్షణ తప్పవు. తారల బిడ్డకు తొలి అవకాశం ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ అవకాశాన్ని అందుకొని, తరువాత వదులుకొని, రచయిత్రిగా నిలదొక్కుకున్నవారు ట్వింకిల్ ఖన్నా.

‘ఆరాధన’ చిత్రంతో దేశాన్ని ఊపేసిన రాజేష్ ఖన్నా 1973 మార్చిలో డింపుల్ కపాడియాను వివాహమాడారు. డింపుల్ తొలి చిత్రం ‘బాబీ’ అప్పటికి విడుదలే కాలేదు. ఆ ఏడాది డిసెంబరు 29న, తండ్రి పుట్టినరోజునాడే, ట్వింకిల్ జన్మించారు. తల్లి వయసు అప్పటికి పదహారేళ్లే. 1982లో దంపతులు విడిపోయారు. 1985లో ‘సాగర్’తో డింపుల్ తిరిగి తెరపైకి వచ్చారు. తారాపథం వెలుగుతో పాటు దాని మూల్యాన్ని కూడా ఆ ఇంటి పిల్లలు చిన్ననాడే చూశారు.

ట్వింకిల్ 1995లో ‘బర్సాత్’తో నటి అయ్యారు. 1999లో వెంకటేష్ సరసన ‘శీను’లో నటించి తెలుగు ప్రేక్షకులకూ పరిచయమయ్యారు. 2001లో అక్షయ్ కుమార్‌తో వివాహం జరిగింది. ఆ తరువాత నటన విడిచి గృహాలంకరణ వ్యాపారం చేపట్టారు. తన నటనపై తానే పరిహాసాలాడడం ఆమెకు అలవాటు.

పత్రికలలో రాసిన హాస్య వ్యాసాల నుంచి 2015లో ‘మిసెస్ ఫన్నీబోన్స్’ వెలువడింది. ఇంటిపేరు లేని మరొకరికి ప్రచురణ సంస్థల తలుపులు అంత త్వరగా తెరుచుకునేవా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ హాస్యం సంపన్న నగర గృహానిది, భాష ఆంగ్లం. అయితే మరుసటి ఏడాది వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ లక్ష్మీ ప్రసాద్’ కథా సంపుటి ఆ పరిధిని దాటింది. తక్కువ ధరకు శానిటరీ ప్యాడ్లు తయారుచేసే యంత్రాన్ని రూపొందించిన కోయంబత్తూరు వాసి అరుణాచలం మురుగానందం జీవితమే అందులోని ఒక కథకు ఆధారం. నలుగురిలో నోరెత్తని ఆ విషయం 2018లో ‘ప్యాడ్ మ్యాన్’ చిత్రంగా మారింది. అక్షయ్ కథానాయకుడు, ట్వింకిల్ నిర్మాత. ఆ చిత్రానికి జాతీయ పురస్కారమూ దక్కింది. తారల పలుకుబడి ఒక మంచి పనికి అక్కరకు వచ్చిన సందర్భమది. కథ రాయకపోతే ఆ పలుకుబడికి పనే ఉండేది కాదు.

అదే ఏడాది ‘పైజామాస్ ఆర్ ఫర్గివింగ్’ నవల వచ్చింది. అనంతరం ఆమె లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్‌లో సృజనాత్మక రచనలో స్నాతకోత్తర విద్యార్థినిగా చేరారు. అప్పటికే పుస్తకాలు అమ్ముడవుతున్న రచయిత్రి, తనకన్నా ఎంతో చిన్నవారితో కలిసి తరగతిలో కూర్చున్నారు. 2023లో ‘వెల్‌కమ్ టు ప్యారడైజ్’ కథా సంపుటి వెలువడింది.