కోతలేని పిండసంగ్రహణము

హోగెనకల్ జలపాతము చెంత యాత్రికుల చేతి పొట్లములను లాగికొను కోతులను చూచియో యేమో, ధర్మపురినుండి యొక పాఠకుడు విచిత్రమైన ప్రశ్న పంపినాడు: కోతి కడుపు కోయకుండ, కంటికానని దశలోనున్న పిండమును గర్భమునుండి వెలికితీయుట సాధ్యమా? సాధ్యమే. ఇంతకన్న రమ్యమైన ప్రశ్న ఈ మాసము మాకు రాలేదు.

ఫలదీకరణము చెందిన యండము అండవాహికలో విభజనము పొందుచు, నాలుగవ దినమునకు గర్భాశయము చేరి, రీసస్ కోతియందు సుమారు తొమ్మిదవ దినమున గోడకు అంటుకొనును. ఈ నడిమి కాలమున అది యెచటను నాటుకొనక ద్రవములో తేలుచుండును. సంగ్రాహకునకు దొరకు అవకాశమంతయు ఈ కొలది దినములే. కావున రక్తములోని ఈస్ట్రడయాల్ పరాకాష్ఠనుబట్టి అండోత్సర్గదినమును గణించి, కోతికి మత్తిచ్చి, గర్భాశయకంఠముగుండ సన్నని నాళికను చొప్పించి, ద్రవమును మెల్లగా చిమ్మి, మరల రాబట్టి, సూక్ష్మదర్శినిక్రింద గాలింతురు.

వినుటకు సులభమే. బబూన్లయందు కంఠమార్గము నాళికకు అంతగా అడ్డు చెప్పదు గనుక పోప్, బెక్ ప్రభృతులు 1980లోనే దీనిని సాధించిరి. రీసస్ కోతియందో, కంఠకుహరములోనికి కండరపు బొడిపెలు పొడుచుకొనివచ్చి, దారిని తొప్పూరు కనుమబాటవలె మెలికలు త్రిప్పియుంచినవి. బలముపట్టి త్రోసిన నాళిక కండరమును గాయపఱచును. వేగముగా చిమ్మిన ద్రవము పిండమును వెనుకకు, అండవాహికలవైపునకే తరిమివేయవచ్చును. కడుపు కోసి తీసినచో ఈ చిక్కులు లేవు గాని, మాటిమాటికి కోసినకొలది లోపలి యవయవములు ఒండొంటి కంటుకొని, ఆ జంతువు మఱి కొఱగాకుండ పోవును. ఓర్పుతో మెలికలు దాటినవాడు అదే కోతినుండి మరల మరల పిండములు గ్రహింపగలడు.

ఇచట పెద్దలు పొరబడిన సంగతి యొకటి కలదు. వనములో రీసస్ కోతులు ఋతువునుబట్టి కనును గనుక, అకాలమున పిండములు లభింపవని నమ్మిరి. విస్కాన్సిన్ ప్రైమేట్ కేంద్రమున జాన్ హెర్న్‌తో పనిచేసి, పిమ్మట బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడైన పి. బి. శేషగిరి ప్రభృతులు, గర్భాశయప్రక్షాళనముచే పిండములను సేకరించి, అట్టి ఋతువంధ్యత్వము కానరాలేదని 1993లో ప్రకటించిరి.

ప్రయోజనమేమందురా? ఆ కేంద్రమునందే జేమ్స్ థామ్సన్, పదునైదేండ్ల రీసస్ కోతినుండి అండోత్సర్గానంతరము ఆరవ దినమున ఈ పద్ధతినే తీసిన పిండముతో, వానరములలో తొలి పిండమూలకణపరంపరను సృష్టించి, 1995లో వెల్లడించెను. 1998లో మానవకణముల వంతు వచ్చెను. ఆ కణములను పత్రికలు వేనోళ్ల పొగడినవి. వంకరదారిలో నాళిక నడిపిన హస్తలాఘవమును గూర్చి ఒక్క పంక్తి వ్రాసిన పత్రికను మాత్రము నేను చూడలేదు.