సాహిత్యానికి కొలబద్ద

ఒక పద్యం రసవంతంగా ఉన్నదని ఒక పండితుడు అంటాడు. లేదని మరొకరు అంటారు. "ఇది పాఠకుని హృదయాన్ని కరిగిస్తుంది" అని విమర్శకుడు వ్రాస్తాడు. ఏ పాఠకుని హృదయం? ఎందరిది? కరిగినదని ఎట్లా తెలిసినది? ఇట్టి ప్రశ్నలకు సమాధానాలను ఊహవల్ల గాక పరిశీలనవల్ల రాబట్టవలెనని పూనుకొన్న విద్వాంసుల సంఘం ఒకటి కలదు.

అంతర్జాతీయ అనుభవాత్మక సాహిత్య అధ్యయన సంఘం 1987లో, నాటి పశ్చిమ జర్మనీలోని సీగెన్ నగరంలో ఏర్పడినది. దాని జర్మన్ పేరులోని తొలి అక్షరాలను కలిపితే 'ఈగెల్' అవుతుంది; ఆ భాషలో ఈ మాటకు హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జంతువు అని అర్థం. స్థాపకులలో ముఖ్యుడు ఆచార్య సీగ్‌ఫ్రీడ్ ష్మిట్. సాహిత్యమంటే అచ్చయిన గ్రంథం మాత్రమే కాదనీ, వ్రాసేవారు, ప్రచురించేవారు, చదివేవారు, విమర్శించేవారు చేసే పనులన్నీ అందులో చేరుతాయనీ ఆయన వాదించాడు. మనుష్యుల పనులను పరిశీలించవచ్చును, లెక్కించవచ్చును. అందువల్లనే ఈ సంఘంలో సాహిత్యవేత్తలతోపాటు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు.

ఈ మార్గానికి పూర్వరంగం ఇంగ్లండులో కనిపిస్తుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఐ. ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తెలుపకుండా విద్యార్థులకు పద్యాలిచ్చి అభిప్రాయాలు వ్రాయమన్నాడు. ఆ ఫలితాలను 1929లో ప్రకటించాడు. కవి పేరు తెలియకపోయేసరికి చదువుకొన్నవారు సైతం పద్యానికి సామాన్యార్థం చెప్పడంలోనే తడబడ్డారు.

ఇక ఒక ప్రయోగాన్ని చూద్దాం. అనుప్రాస, రూపకం, పదక్రమంలో మార్పు మొదలైనవి నిత్యవ్యవహారానికి భిన్నంగా నిలిచి మనస్సును ఆకట్టుకొంటాయని అలంకారికులు చిరకాలంగా చెబుతున్నారు. ఇది నిజమేనా? కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మాయల్, డాన్ క్వికెన్ అనే పరిశోధకులు కథలను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్నే కంప్యూటరు తెరపై చూపించారు. పాఠకుడు మీట నొక్కితేనే తరువాతి భాగం వస్తుంది. కనుక ఏ భాగం చదవడానికి ఎంత కాలం పట్టినదో తెలుస్తుంది. భాగాల పొడవు సమానం కాదు గనుక అక్షరాల సంఖ్యనుబట్టి కాలాన్ని సరిచేశారు. 1994లో ప్రకటించిన ఫలితం ఇది: అట్టి ప్రయోగాలు ఎక్కువగా ఉన్న భాగాలను పాఠకులు నెమ్మదిగా చదివారు, వాటివల్ల భావోద్రేకం ఎక్కువ కలిగినదని తెలిపారు. సాహిత్య పరిచయం అంతగా లేనివారిలోనూ ఇదే కనిపించినది.

అన్ని ఫలితాలూ ఇట్లు నిలువవు. కథలు చదివితే ఇతరుల మనస్సు అర్థమవుతుందని ఉపాధ్యాయులు నమ్ముతారు. 2013లో 'సైన్స్' పత్రికలో కిడ్, కాస్టానో అనే పరిశోధకులు దీనికి నిదర్శనం చూపారు. ఉత్తమ కథలను కొద్దిసేపు చదివినవారు, కండ్ల ఛాయాచిత్రాలు చూసి ఆ మనిషి భావాన్ని గుర్తించడంలో మెరుగైనారట. ఈ వార్త లోకమంతా వ్యాపించినది. కాని 2016లో ఇతర పరిశోధకులు అదే ప్రయోగాన్ని మరల చేయగా ఆ ఫలితం రాలేదు. 2018లో పేరుగాంచిన 21 ప్రయోగాలను మరింత ఎక్కువమందితో మరల చేసినప్పుడు 13 మాత్రమే నిలిచినవి, ఇది నిలువలేదు. అదే సంవత్సరం 14 పరిశోధనలను కలిపి లెక్కించినవారికి మాత్రం, కథాపఠనం వల్ల స్వల్పమైన మేలు కనిపించినది.

అంటే కథలు నిష్ప్రయోజనమని కాదు. ఒక్క పూట చదువుతో మనిషి మారుతాడని చెప్పడానికి ఆధారం చాలదని మాత్రమే. పాఠ్యప్రణాళికలో కథలకు ఎంత చోటివ్వవలెనో నిర్ణయించేవారికి ఈ భేదం తెలిసి ఉండడం అవసరం.

దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చును. ఒక కథలోని వర్ణనను తీసుకొని, అర్థం చెడకుండా అలంకారాలు తొలగించి రెండవ ప్రతి వ్రాయండి. చీట్లు వేసి విద్యార్థులను రెండు జట్లు చేసి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క ప్రతి ఇవ్వండి. ఎంత ఆకట్టుకొన్నదో 1 నుండి 5 వరకు అంకె వేయమనండి. లెక్కకు ముందే మీ ఊహను బల్లమీద వ్రాయండి. తరువాత సగటులు పోల్చండి. ఊహ నిజమైనా, కాకపోయినా, మరొక తరగతిలో మరల చేయండి. ఒక్కసారి వచ్చిన ఫలితం ప్రారంభం మాత్రమే.