బరువు తగ్గించే సూదిమందు

టిర్జెపటైడ్ అనే సూదిమందు 2025 మార్చిలో మన దేశంలో అమ్మకానికి వచ్చినది మొదలు, మా ఇండ్లలో ఏ శుభకార్యం తలపెట్టినా దాని ప్రసక్తి వస్తూనే ఉన్నది. ఇది వారానికొక పర్యాయం వేసుకునే మందు. ఆకలి తగ్గుతుంది, కొద్దిగా తిన్నా కడుపు నిండుతుంది.

మా బావగారు కూతురి పెళ్లినాటికి సన్నబడాలని, స్నేహితుని వద్ద మిగిలిన 10 మిల్లీగ్రాముల మందును తొలిసారే వేసుకున్నారు. రెండు రోజులు వాంతులే, సెలైను ఎక్కించవలసివచ్చింది. డాక్టర్లు 2.5తో ఆరంభించి, నాలుగు వారాల తరువాత 5కు పెంచుతారు. ఆ మెట్లు ఒంటికి అలవాటు కావడానికే గదా! పైగా ఒకరు వాడిన మందుపెన్ను, సూది మార్చినా సరే, మరొకరు వాడరాదు.

గర్భిణులు దీని జోలికి పోరాదు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, తమకు క్లోమం వాచిందా, ఇన్సులిన్ వాడుతున్నారా అన్నది డాక్టరుకు ముందే చెప్పాలి. వీపుదాకా పాకే తీవ్రమైన కడుపునొప్పి వస్తే మందు ఆపి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బరువుతోపాటు కండ కూడా కరుగుతుంది. కనుక పప్పు, పెరుగు, గుడ్డు, వ్యాయామం మానరాదు. మందు మానితే బరువు మళ్లీ పెరగడం కద్దు.

పెళ్లిలో బావగారి కోటు బిగుతుగానే ఉన్నది. ఆ తరువాత డాక్టరు సలహాపై 2.5తో మళ్లీ మొదలుపెట్టారు.