పేరు తెలుగుది, కూత ఎవరిది?
తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టు పన్నెండు సీజన్ల ప్రస్థానం

రాయవరం: సంక్రాంతి వచ్చిందంటే కోతలైన చేలల్లో ముగ్గుతో గీతలు గీసి చెడుగుడు ఆడటం గోదావరి డెల్టా గ్రామాల్లో తాతల నాటి ఆనవాయితీ. రాయవరం, పసలపూడి, సోమేశ్వరం, చెల్లూరు ఏ ఊరి పెద్దలను కదిపినా కూతకు వెళ్లిన రోజుల ముచ్చట ఒకటైనా చెబుతారు. ఆ ఆటే నేడు కోట్ల రూపాయల పందెమైంది. వేలం పాటలో ఆటగాళ్లను కొనుక్కునే పన్నెండు జట్లలో ఒకటి తెలుగు పేరు పెట్టుకున్నది. అదే తెలుగు టైటాన్స్. ఆ జట్టు కథలో గర్వించదగినది ఉంది, ఆలోచించవలసినదీ ఉంది.

విడిపోయిన ఏడాదే పుట్టిన జట్టు

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయింది. రెండు నెలలు తిరగకుండానే, జూలై 26న ముంబయిలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. తొలి ఏడాది బరిలో దిగిన జట్లు ఎనిమిది. బెంగళూరు, ఢిల్లీ, జైపూర్, పాట్నా, పుణే, ముంబయి జట్లు నగరాల పేర్లు పెట్టుకున్నాయి. బెంగాల్ జట్టు ప్రాంతం పేరు పెట్టుకుంది. భాష పేరు పెట్టుకున్నది ఒక్క మన జట్టే కావడం విశేషం. టైటాన్లంటే గ్రీకు పురాణాల్లోని మహాకాయులు. రాజధాని ఎవరిది, నీళ్లెవరివి అని రెండు రాష్ట్రాలు తగవులాడుకుంటున్న రోజుల్లో ఇరుపక్కల వారూ మనదని చెప్పుకోగల జట్టు ఇదొక్కటే.

అందుకు తగ్గట్టే ఈ జట్టుకు రెండిళ్లు. తొలి సీజన్‌లో సొంతగడ్డ మ్యాచ్‌లు విశాఖపట్నంలోని రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో జరిగాయి. మరుసటి ఏడాది హైదరాబాద్ గచ్చిబౌలికి మారాయి. ఆ తరువాత కూడా విశాఖ, హైదరాబాద్ మధ్య తిరుగుతూ వచ్చాయి. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ ప్రారంభమైంది విశాఖలోనే.

బిజ్నోర్ కుర్రాడు, తెలుగు హీరో

టైటాన్స్ అనగానే మొదట గుర్తుకొచ్చే పేరు రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా పల్లెటూరి వాడు. మొదటి ఆరు సీజన్లూ ఈ జట్టుకే ఆడాడు. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు మొదట అందుకున్నది అతనే. తెలుగు రాకపోయినా అతను కూతకు వెళితే స్టేడియం మొత్తం లేచి నిలబడేది. 2015లో జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2016లో నాలుగో సీజన్‌లో సెమీఫైనల్ వరకు వెళ్లి జైపూర్ చేతిలో ఓడింది.

ఆటతో పాటు ధరలూ పెరిగాయి. 2014 తొలి వేలంలో హర్యానా ఆటగాడు దీపక్ హుడాను టైటాన్స్ 12 లక్షల 60 వేలకు తీసుకుంది. ఆ రోజుకు అది పెద్ద మొత్తమే. 2018లో రాహుల్ చౌదరికి కోటి 29 లక్షలు, ఇరాన్ ఆటగాడు అబోజర్ మిఘానీకి 76 లక్షలు పలికాయి. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటి 45 లక్షలకు కొన్నారు. 2023లో పవన్ సెహ్రావత్‌కు పలికిన 2 కోట్ల 60 లక్షల 50 వేలు అప్పటికి లీగ్‌లోనే అత్యధికం.

డబ్బుతో గెలుపు రాలేదు

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. 2021–22 సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. తరువాతి సీజన్‌లో రెండు. పవన్ వచ్చిన పదో సీజన్‌లోనూ రెండే. మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లకు గెలిచినవి ఐదు. భారత జట్టు కెప్టెన్‌గా 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన పవన్, ఆ వెంటనే మొదలైన లీగ్‌లో ఎంత ఒంటరి పోరాటం చేసినా జట్టును గట్టెక్కించలేకపోయాడు.

కారణం పాత చెడుగుడు ఆడిన వారికి తేలిగ్గానే బోధపడుతుంది. కూతకెళ్లేవాడు ఒక్కడు, పట్టేవారు ఏడుగురు. రైడర్ దొరికి బయట కూర్చుంటే అతన్ని బతికించి తేవలసింది మిగతా వారే. మూల పట్టు పట్టేవాడు, గొలుసు కట్టేవాడు కుదరకపోతే ఎంత ఖరీదైన రైడరైనా సగం ఆట గీత బయటే గడపవలసి వస్తుంది.

2024లో కోచ్ కృష్ణకుమార్ హుడా ఆధ్వర్యంలో జట్టు తేరుకుంది. పవన్ గాయపడి మధ్యలో తప్పుకున్నా, విజయ్ మాలిక్ నడిపించగా 22లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా తోడుగా ప్లే ఆఫ్స్ చేరింది. ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. పన్నెండు సీజన్లయినా కప్పు ఇంకా చేతికి రాలేదు.

మన పిల్లలేరి?

పై పేర్లన్నీ మరోసారి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీ, మహారాష్ట్ర, ఇరాన్. జట్టుకు పేరు తెచ్చిన వారిలో గోదావరి నీళ్లు తాగిన వాడు లేడు. తెలుగు కుర్రాళ్లు అప్పుడప్పుడు జట్టులో కనిపించినా జట్టును మోసే స్థానం వారికి దక్కలేదు. వేలం ఉన్నచోట ఎవరు బాగా ఆడితే వారిని కొంటారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నాలుగు భాషల వారు కలిసి తెలుగు పేరు కోసం చెమటోడ్చడం ముచ్చటైన విషయమే. అయితే మన పిల్లలు అక్కడిదాకా ఎందుకు చేరడం లేదన్నది ప్రశ్న.

హర్యానా, ఢిల్లీ పల్లెల్లో కబడ్డీ పండగ ఆట కాదు. ఏడాది పొడవునా తెల్లవారుజామున సాధన ఉంటుంది. బాగా ఆడిన వాడికి రైల్వేలోనో, సైన్యంలోనో, పోలీసు శాఖలోనో ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకం తల్లిదండ్రులకు ఉంది. మన వైపు ఆట సంక్రాంతితో మొదలై సంక్రాంతితోనే ముగుస్తోంది. పదో తరగతికి రాగానే ఆట మానెయ్యమనే ఇళ్లే ఎక్కువ.

మరో చిక్కు నేల. మన కుర్రాడు మట్టిలో ఉత్త కాళ్లతో నేర్చుకుంటాడు. లీగ్ ఆడేది మ్యాట్ మీద, బూట్లతో. మట్టిలో జారే కాలు మ్యాట్ మీద పట్టేస్తుంది. మలుపు తిరగడం, మడమ పట్టడం మళ్లీ మొదటినుంచి నేర్వాలి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కూతకు 30 సెకన్లే గడువు. వరుసగా రెండు కూతలు ఉత్తివైతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేదా అవుటే. ఊపిరి ఉన్నంతసేపూ కూతపెట్టే పాత పద్ధతికీ దీనికీ చాలా తేడా ఉంది.

2025 వేలంలో అట్టడుగు తరగతి ఆటగాడి కనీస ధర 9 లక్షలు. ఎ తరగతికి 30 లక్షలు. కౌలుకు చేసుకునే కుటుంబంలోని కుర్రాడికి అది మామూలు మొత్తం కాదు. ఒక మ్యాట్, వారానికి నాలుగు రోజులు వచ్చే వ్యాయామోపాధ్యాయుడు, సంక్రాంతి తరువాత కూడా చెరిగిపోని గీతలు, మండలానికి ఈ మూడూ సమకూరితే దారి పడుతుంది. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రాయవరం మండలం అందులో చేరింది. జిల్లాల పేర్లు మారినా చెడుగుడు ఆడే కుర్రాళ్లకు కొరత రాలేదు. పండగకు బహుమతులిచ్చే దాతలు, పంచాయతీలు, పాఠశాలల వారు కలిసి మిగిలిన పదకొండు నెలల సంగతి కూడా ఆలోచిస్తే టైటాన్స్ జట్టులో ఏదో ఒకనాడు మన యాసలో కూత వినబడుతుంది.