సంచీ పట్టీ సన్నమైతే చెయ్యి లేవదు

పోయిన చలికాలం ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని మా ఆస్పత్రికి వచ్చింది. కాలేజీలో చదివే కుర్రాడు. స్నేహితులతో కలిసి తలకోన అడవిలో రెండు రోజులు కొండలెక్కి వచ్చాడు. మూడోనాడు పొద్దున తల దువ్వుకుందామంటే కుడిచెయ్యి పైకి లేవలేదు. దెబ్బ లేదు, పెద్దగా నొప్పీ లేదు. గాలి సోకిందన్నారట ఒకరు, దిష్టి అన్నారట మరొకరు.

చొక్కా విప్పించి చూశాను. భుజం మీద, మెడకు దగ్గరగా, వేలెడు వెడల్పున కమిలిన గీత కనిపించింది. సంచీ తెమ్మన్నాను. పాత పట్టీలు తెగిపోతే తల్లే ప్యాంటు బెల్టు కంటె సన్నటి పట్టీలు కుట్టి ఇచ్చింది. మిషను కుట్టి సంసారం ఈదుకొస్తున్న మనిషి. "నా చేత్తో నేనే కుట్టినాను సార్. వాడి చెయ్యి మళ్లా లేస్తుందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

లేస్తుందనే చెప్పాను. ఈ జబ్బు సైనికులలోనూ, బరువులు మోస్తూ కొండలెక్కేవారిలోనూ డాక్టర్లు ఎరిగినదే. దీన్ని రక్‌సాక్ పాల్సీ అంటారు. మెడలోంచి చేతికి వెళ్లే నరాల గుంపు, మెడ కింద చేతికి తగిలే అడ్డ ఎముకకూ మొదటి పక్కటెముకకూ నడుమ సందులోంచి చంకలోకి దిగుతుంది. సన్నని పట్టీ గంటల తరబడి అక్కడ నొక్కితే నరం మొద్దుబారుతుంది. తిమ్మిరి, చెయ్యి బరువెక్కడం, ఒక్కొక్కరికి భుజం వెనక రెక్క ఎముక బైటికి పొడుచుకు రావడం దాని గుర్తులు. బరువు మానేసి, చెప్పిన వ్యాయామం చేస్తే చాలామందికి కొన్ని వారాలలో, లేదా కొన్ని నెలలలో తగ్గుతుంది. విరిగిన ఎముక ఏదీ లేదు కనుక కట్లు కట్టించుకోవడం వల్ల లాభం లేదు.

కొత్త సంచీ కొనే స్తోమతు అందరికీ వుండదు. ఇంట్లో కుట్టుకోవడం తప్పు కాదు, సన్నగా కుట్టడమే తప్పు. అంగుళం పట్టీకి బదులు మూడంగుళాల పట్టీ వేస్తే, అదే బరువు మూడింతల చోటు మీద పరుచుకుంటుంది. అంచేత భుజం మీద ఆనే భాగం మూడంగుళాలకు తగ్గకూడదు.

ముందు పాత వార్తాపత్రిక కాగితం మనిషి భుజం మీద పరచి, మెడ వొంపును బట్టి గీత గీయండి. మెత్త భాగం ముందువైపు అడ్డ ఎముక దాటి కిందికి రావాలి, కాని చంకలో ఒరుసుకోకూడదు. ఆ కాగితాన్ని ఒకసారి యథాతథంగా, ఒకసారి తిరగేసి గుడ్డ కత్తిరించండి. లేకుంటే రెండూ ఒకే భుజానికి వస్తాయి. ఆ తల్లి, అంత అనుభవం వున్నది, మొదటిసారి అలాగే కత్తిరించిందట!

లోపల సోఫా స్పాంజి పెట్టకండి, నాలుగడుగులు వేసేసరికి అణిగిపోతుంది. పడుకునే ఫోము చాపల్లో వుండే గట్టిరకం అరంగుళం మందాన చాలు. బొటనవేలితో గట్టిగా నొక్కండి, అడుగు తగిలితే పనికిరాదు. పై గుడ్డ కాన్వాసుగాని పాత జీన్సుగాని కావచ్చు. కుట్టు అంచు మెడవైపు పొడుచుకు రాకూడదు.

అసలు బలం గుడ్డది కాదు, నైలాను నవారుది. పట్టీ పొడుగునా నవారు నడిపించి, పై కొసను సంచీకి కుట్టండి. కొసలు మరీ ఎడంగా వుంటే పట్టీలు భుజం జారిపోతాయి, మరీ దగ్గరైతే మెడను కోస్తాయి. నాలుగు వేళ్ల ఎడం పెద్దలకు సుమారుగా సరిపోతుంది. కుట్టేచోట సంచీ లోపల మరో దళసరి గుడ్డ వేసి, చదరంగా కుట్టి, మధ్య అడ్డంగా ఇంటూ గుర్తు వేయండి. నైలాను దారమే వాడండి, నూలు దారం చెమటకూ వానకూ చివుకుతుంది. మీ మిషను సూది దిగకపోతే మొండికేయకండి, చెప్పులు కుట్టేవారు ఆరెతో క్షణాల్లో కుట్టిపెడతారు. కింది కొసకు బిగించి వదిలే బకిలు వుండాలి. తరువాత, మోయబోయే బరువుకు రెట్టింపు బియ్యం పోసి, రాత్రంతా దూలానికి వేలాడదీసి చూడండి.

పట్టీ ఎంత మంచిదైనా బరువుకు హద్దు వుంది. కొండలెక్కే పెద్దలు తమ బరువులో అయిదోవంతు దాటకపోవడం మేలు. బడిపిల్లల సంచీ పదోవంతు మించరాదని 2020 నాటి కేంద్ర ప్రభుత్వ విధానమే చెబుతోంది. బరువైన వస్తువులు వీపుకు ఆనించి సర్దండి. నడుముకు వెడల్పాటి పట్టీ కూడా కుట్టుకుంటే భారం చాలావరకు తుంటి మీదికి దిగుతుంది. ఒంటి భుజాన వేసుకోకండి. ఏజెన్సీలో టీకాల పెట్టె ఒకే భుజాన మోసిన రోజుల్లో నాకూ వేళ్లు తిమ్మిరెక్కేవి.

నడుస్తుండగా చెయ్యి తిమ్మిరెక్కితే వెంటనే సంచీ దించండి. దించినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. కాని ఒక్క మాట: ఎక్కుతున్నప్పుడు ఛాతీ బిగుతుతోపాటు చెయ్యి లాగినా, చెయ్యి పడిపోవడంతోపాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా ఆ తప్పు పట్టీది కాదు. అది గుండెపోటు గాని పక్షవాతం గాని కావచ్చు. ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

ఆ కుర్రాడు మూడోనెలలో వచ్చి, నా ఎదుటే జేబులోంచి దువ్వెన తీసి కుడిచేత్తో తల దువ్వుకున్నాడు. తల్లి కొత్త పట్టీలు నా బల్లమీద పెట్టింది. నేను బొటనవేలితో నొక్కి చూశాను. అడుగు తగలలేదు.