మొక్కల ఎరుక – ఆడవారిని కూడ అడుగవలెను

తెనాలి మాగాణిలో వరినాట్లు పడిన తరువాత కలుపు తీయుటకు చేలోనికి దిగువారెవరో మీకు తెలియును. చాలవరకు స్త్రీలే. లేత ఊదగడ్డియు వరియు ఒకే తీరున కనబడును. ఊదకు ఆకు మొదట నాలుకవంటి సన్నని పొర యుండదు, వరికి ఉండును. పుస్తకము చదువని స్త్రీ కూడ చూచినంతనే ఊదను ఏరివేయును. తీసిన కలుపులో పొన్నగంటికూర, గంగవాయిలికూర ఒడిలో వేసికొనును. గుంటగలగర తలనూనెకు పనికివచ్చును.

పనిని బట్టి ఎరుక

ఈ సంగతి యానాదులలో మరింత స్పష్టముగా కనబడును. షెడ్యూల్డు తెగలలో చేరిన వీరు రేపల్లె, బాపట్ల ప్రాంతములలో కాలువగట్ల మీద, సముద్రపు పాయల వెంట నివసించుచున్నారు. పురుషులు ఎక్కువగా వల వేయుదురు, కన్నములకు పొగపెట్టి ఎలుకలను పట్టుదురు. కనుక పాయలలోని మడచెట్ల సంగతి వారికి తెలియును. తిల్లచెట్టు పాలు కంటబడిన చూపునకు హాని యని హెచ్చరించునది వారే. కూర ఏరి వండునది స్త్రీలు. చవుడు నేలలో పెరుగు ఇలకూరను ఉడికించి, నీరు వార్చి వండవలెనని, దానికి వేరుగ ఉప్పు అక్కరలేదని వారికి తెలియును. ఇది దాటరాని గీత కాదు. ఇరువురికిని తెలిసిన మొక్కలు అనేకము గలవు.

ఈ ఎరుకకు విలువ గలదని ప్రభుత్వము వెనుకనే గుర్తించెను. నెల్లూరు సీమలోని శ్రీహరికోట యానాదుల పాత నివాసము. 1835లో ప్రభుత్వము ఆ దీవి నిర్వహణ చేపట్టిన పిదప, ఎర్రరంగునిచ్చు చిరివేరు మొదలగు వానిని వారిచేతనే సేకరింపజేసెను.

ముప్పు ఎక్కడ?

నేడు కలుపుమందులు వచ్చినవి. కూలి ఖర్చు తగ్గుట నిజమే. కాని మందు కొట్టువారు చాలవరకు పురుషులు, కూర కోయువారు స్త్రీలు. ఏ చేలో ఎప్పుడు మందు పడినదో ఆమెకు చెప్పువారు లేరు. మందు పడిన కూర ఇంట పిల్లల కంచములోనికి పోవును. అంతేకాక, కలుపు తీయు పని తగ్గినకొలది తల్లి వెంట చేలోనికి పోయి మొక్కలు నేర్చుకొను కూతుండ్రును తగ్గుదురు.

జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు విత్తనములను, చేలో తమంత తాము మొలచు ఆకుకూరలను కాపాడుచు వచ్చినవి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది.

గ్రామోద్యోగులకు

2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య కమిటీలను ఏర్పరుపవలెను. ఊరి మొక్కలను, వాని ఉపయోగములను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాయవలెను. 2004 నియమములు ఈ కమిటీలలో మూడవవంతు తగ్గకుండ స్త్రీలుండవలెనని చెప్పినవి. కాని రచ్చబండ వద్ద పెద్దలను మాత్రమే అడిగి వ్రాసిన రిజిస్టరు సగము రిజిస్టరే. కావున:

1. స్త్రీలను వేరుగ, వారికి తీరికయైన వేళ, వీలైనచో చేలోనే అడుగుడు. కాలువగట్టు యానాది ఇండ్లను విడువకుడు.

2. మొక్క పేరుతో సరిపెట్టక, ఏ భాగము, ఏ నెలలో, ఎవరు కోయుదురు, ఎట్లు వండుదురు అనునవి వ్రాయుడు.

3. మందుమొక్కల రహస్యములను చెప్పినవారి అనుమతి లేనిదే వ్రాయకుడు. విని వ్రాసిన దానిని వైద్యుని సలహా లేక వాడకుడు.

రైతులకు ఒక్క మాట. కలుపుమందు కొట్టిన చేని గట్టున ఒక ఎర్రగుడ్డ కట్టుడు. కూరకు వచ్చు స్త్రీలకు ఆ గుర్తు అర్థమేమో ముందే చెప్పుడు. గట్టు వెంట కొంత మేర మందు పడనీయక విడిచిన, పొన్నగంటికూర అక్కడ నిలుచును, దానిని ఎరిగినవారును నిలుతురు.